అలిగిన ఎడమకాలు

పదకొండు గంటల ఏడు నిమిషాలకు తూనీగ తన భర్త మోకాళ్ళ మీద కూర్చోవడం చూసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ దృశ్యం చూడటం అదే మొదటిసారి. ఆ మోకాళ్ళు వంగింది తన ముందు కాదు. ఆకుపచ్చ గొడుగు పట్టుకుని వచ్చిన ఎవరో ఆవిడ ముందు.

వీధికి ఇవతల కళ్ళజోళ్ళ షాపులో నిలబడి, కిటికీలోంచి ఎదుటి బూట్ల షాపులోకి కళ్ళు గుచ్చి చూస్తోంది తూనీగ. ముక్కు మీద అప్పటికి ఏడో ఫ్రేము.

"ఇది మీ ముఖానికి దిద్దినట్టుందమ్మా," అంది షాపు యజమానురాలు.

"ముఖం సంగతి తర్వాత. ఇందులోంచి ఎదురుగా ఉన్నవాళ్ళు స్పష్టంగా కనిపిస్తారా?"

"అది ఉత్త ఫ్రేమేనమ్మా. అద్దాలు పెట్టలేదు."

"పర్వాలేదు. కనిపించాల్సింది కనిపిస్తూనే ఉంది."

ఎదురుగా భర్త జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. నేల మీద పరిచాడు. పచ్చగొడుగావిడ పాదాన్ని రెండు చేతులతో అందుకుని ఆ రుమాలు మీద దించాడు. ఏదో అన్నాడు. ఆవిడ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. లేచి నిలబడుతూ పట్టు కోసం అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఆవిడ షాపు గుమ్మం దాటినప్పుడే తూనీగ కోటు జేబులో వేలు దానంతటదే స్టాప్‌వాచ్ నొక్కింది. ఆవిడ సంచీ పుచ్చుకుని బయటికి వచ్చేసరికి ఇరవై ఆరు నిమిషాలు.

మళ్ళీ ఇరవై ఆరే.

తూనీగ అన్నది చిన్నప్పుడు తండ్రి పెట్టిన ముద్దుపేరు. ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు. పెద్దయ్యాక దొరికిన పని కూడా దానికి తగ్గదే. మిస్టరీ షాపింగ్. మామూలు మనిషిలా షాపులోకి వెళ్ళాలి, వస్తువు చూడాలి, కొనాలి, అక్కడివాళ్ళు ఎలా పలకరించారో, ఎంతసేపు నిలబెట్టారో, నేల తుడిచి ఉందో లేదో రిపోర్టు రాసి పంపాలి. పరీక్షించడానికి వచ్చినట్టు ఎవరికీ అనుమానం రాకూడదు. దీనికి ఆఫీసు లేదు, కుర్చీ లేదు, గుర్తింపు కార్డు అసలే లేదు. కాంట్రాక్టు మనిషి. పని వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

నాలుగేళ్ళలో ఈ పని ఆమెకు కొన్ని అలవాట్లు అంటగట్టింది. గుమ్మం దాటగానే జేబులో వాచీ నొక్కుతుంది, ఎన్ని సెకన్లకు పలకరిస్తారో తేలాలి కదా. ఉద్యోగి గుండెల మీదున్న పేరు రెండుసార్లు చదువుతుంది, పేరులో ఒక్క అక్షరం పోయినా రిపోర్టు చెల్లదు. అవసరం ఉన్నా లేకపోయినా బాత్రూం ఎక్కడని అడుగుతుంది. శుభ్రతకి మార్కులుంటాయి, పైగా గుర్తున్నవి మర్చిపోకముందే రాసుకోడానికి అంతకంటే ఏకాంతం దొరకదు.

ఈ అలవాట్లు ఇంటికి కూడా వచ్చాయి. సాయంత్రం భర్త తలుపు తీసుకుని లోపలికి రాగానే మొదలుపెట్టేది.

"పలకరింపు, రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు. చిరునవ్వు లేదు. కళ్ళలోకి చూడటం లేదు. పదికి మూడు."

"నిన్న రెండేగా. పైకొస్తున్నాను," అనేవాడు అతను. మొదట్లో ఇద్దరూ నవ్వేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆమె ఒక్కతే నవ్వేది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, మార్కులు మాత్రం ఆగలేదు.

అతను బూట్ల షాపులో సేల్స్‌మన్. పదకొండేళ్ళుగా కాళ్ళ కొలతలు తీసి తీసి మోకాళ్ళు అరిగిపోయాయి. సోఫా కింద చెంచా దొర్లినా, "మోకాళ్ళే, నా వల్ల కాదు," అంటాడు. అందుకే షాపు మేనేజరు ఈ ఏడాది రిటైరవుతున్నాడని తెలిసినప్పుడు అతని కళ్ళలో ఎప్పుడూ లేని వెలుగు వచ్చింది.

"మేనేజరుకి కుర్చీ ఉంటుంది తూనీగా. చేతులున్న కుర్చీ. మూడు నెలలు వరసగా మిస్టరీ షాపింగ్ మార్కులు తొంభై అయిదు దాటితే నా పేరే. దాటకపోతే స్టాకురూమాయనకి పోతుంది. ఇంకో పదేళ్ళు నేను నేల మీదే."

ఈ మాట విన్న వారానికే మొదటి రిపోర్టు ఆమె కళ్ళబడింది.

ఏడాదిగా తూనీగ ఇంట్లో కూర్చుని ఇతరులు రాసిన రిపోర్టులు సరిచూసే పని కూడా చేస్తోంది. ఆ పని ఇప్పించింది పిన్ని. ఆవిడ కంపెనీ తరఫున పనులు పంచే మనిషి. కాంట్రాక్టు వాళ్ళంతా పిన్ని అనే పిలుస్తారు. ఒక్కరూ ఆవిడ ముఖం చూసింది లేదు, ఫోనులో గొంతే. ప్రతి రిపోర్టూ ఒకే ప్రశ్నతో తెరుచుకుంటుంది: ఈ షాపులో మీ బంధువులు ఎవరైనా పనిచేస్తున్నారా? ఉన్నారంటే రిపోర్టు వెనక్కి పోతుంది, ఇంకొకరు చూస్తారు. లేరని అబద్ధం చెబితే కాంట్రాక్టు అక్కడితో సరి.

షాపు నంబరు చూడగానే తెలిసిపోయింది. ఉన్నారు అని నొక్కాలి. వేలు అటే వెళ్ళింది కూడా. కానీ ఆయన షాపులో ఎలా ఉంటాడో తెలుసుకునే అవకాశం మళ్ళీ వస్తుందా? లేరు అని నొక్కింది.

చదివింది.

'సేల్స్‌మన్ పదకొండో సెకనుకే చిరునవ్వుతో ఎదురొచ్చారు. రుమాలు పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు పాదాలూ కొలిచారు. మీ కుడికాలు పెద్దమనిషి, ఎడమకాలే అలిగింది, ముందు దాన్ని బుజ్జగిద్దాం అన్నారు. ఇరవై ఆరు నిమిషాలూ నన్ను తప్ప ఎవరినీ చూడలేదు. ఇంత ఆప్యాయంగా నాతో మాట్లాడిన మనిషి ఈ మధ్యకాలంలో లేరు.' మార్కులు, నూటికి నూరు.

రాసిన వాళ్ళ పేరుండదు. నంబరుంటుంది. అయినా ఆ నంబరు వెనక ఒక ఆడమనిషి ముఖం తూనీగకు కొట్టొచ్చినట్టు కనిపించింది. నున్నటి పాదాలు, గలగలా నవ్వు. ఇంట్లో చెంచా కోసం వంగని మోకాళ్ళు అక్కడ వంగాయి. ఇంట్లో తను రోజుల తరబడి అలిగి కూర్చుంటే, అన్నం పెట్టుకుని తినేసి పేపరు తిరగేసే మనిషి అక్కడ ఎవరి ఎడమకాలినో బుజ్జగించాడు.

ఆ రోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది. "ఏమండీ, నా కాళ్ళలో ఏది పెద్దది?"

"రెండూ నీవే. తగువులాడుకోకుండా చూసుకో," అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"పదికి సున్నా."

అతను ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

రెండో నెల రిపోర్టు వచ్చింది. నంబరు వేరు. మళ్ళీ అదే రుమాలు, అదే పెద్దమనిషి కుడికాలు, అదే అలిగిన ఎడమకాలు. మళ్ళీ ఇరవై ఆరు నిమిషాలు. సరిచూసే వాళ్ళు మొదట వెతికేది ఇలాంటి నకళ్ళనే. షాపుకి వెళ్ళకుండా పాత రిపోర్టు తిరగరాసే ఘనులుంటారు, రెండు మూడు నంబర్లు సంపాదించి ఒకే షాపుకి పదేపదే వెళ్ళే ఘనులూ ఉంటారు. ఆ షాపులో సేల్స్ వాళ్ళు ఆరుగురు. రెండు నెలలూ ఒక్కడే ఎందుకు ఎదురొస్తాడు? ఈవిడ తిన్నగా అతని దగ్గరికే వెళుతోంది కాబట్టి.

మూడో నెల పరిశీలన ఏ రోజు, ఏ గంటకో కంప్యూటర్ తెర మీద చూసింది. అందుకే ఈ మంగళవారం ఈ కళ్ళజోళ్ళ షాపు, ఈ ఏడు ఫ్రేములు.

బయటికి వచ్చి పచ్చగొడుగావిడ వెనకే నడిచింది. మూల మీద టీ కొట్టు దగ్గర ఆవిడ ఆగి, సంచీలోంచి చిన్న పుస్తకం తీసి గబగబా రాసుకుంది. ఇంకేం అనుమానం? దొంగ దొరికింది.

తూనీగ ఇల్లు చేరాక, రెండున్నరకి మూడో రిపోర్టు వచ్చింది. ఇంకో కొత్త నంబరు. రుమాలు ఉంది. ఎడమకాలు అలిగింది. కొత్తగా ఒక వాక్యం: 'తూలితే ఆయన భుజం అందించారు.'

తూనీగ ఒళ్ళు భగ్గుమంది. తెర మీద కుడిపక్క ఎర్ర గడి ఉంటుంది. నకలు రిపోర్టు. నొక్కితే ఆ రిపోర్టుతో పాటు పోలికలున్న పాతవి కూడా విచారణ అయ్యేదాకా ఆగిపోతాయి. ఆ ఉద్యోగి మార్కుల గడి ఖాళీ అవుతుంది. కుర్చీ సంగతి ఆమెకు గుర్తు లేక కాదు. బాగా గుర్తుంది. గుర్తుండే నొక్కింది.

కారణం దగ్గర రాసింది: 'మూడూ ఒకే మనిషి రాసినవి.'

నాలుగూ నలభై అయిదుకి తలుపు చప్పుడైంది. భర్త ఎప్పుడూ ఏడుకి ముందు రాడు. వచ్చి, బూట్లు విప్పకుండా, గుమ్మం పక్క చెప్పుల స్టాండు మీద కూలబడ్డాడు.

"అయిపోయింది తూనీగా."

"ఏమైంది?"

"మార్కులు ఆపేశారు. చెకింగులో ఎవరో దొంగ రిపోర్టులని పెట్టారట, మూడూను. ఆరింటికి హెడ్డాఫీసులో పేరు ఖాయం చేస్తారు. నా గడి ఖాళీ. స్టాకురూమాయన అప్పుడే ఆ కుర్చీలో కూర్చుని చూసుకుంటున్నాడు, చేతులు సరిపోయాయో లేదో అని."

ఆమెకు జాలి రావాలి. రాలేదు. "మూడూ ఒక్క మనిషే రాస్తే ఆపరా మరి?" అంది.

"ఒక్క మనిషా? ఒక్క మనిషెట్లా అవుతారు?" మోకాళ్ళు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "మొదటాయనకి డెబ్బై ఏళ్ళుంటాయి. చెవిలో మిషను. ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాడు పాపం. రెండో ఆవిడ ఎవరో స్కూలు టీచరు, వేళ్ళ నిండా సుద్ద. ఇవాళొచ్చిన ఆవిడ ఇంకొకరు. పచ్చగొడుగు."

తూనీగ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "వాళ్ళే పరీక్షించడానికి వచ్చారని మీకెలా తెలుసు?"

అతను వింతగా చూశాడు. "నాలుగేళ్ళుగా మీవాళ్ళలో ఒకరితో కాపురం చేస్తున్నానుగా! గుమ్మం దాటగానే చెయ్యి జేబులోకి పోతుంది. నా పేరు ఒకసారి చదివి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ చదువుతారు. బూట్లు కొనడానికొచ్చి బాత్రూం అడుగుతారు. అచ్చు నువ్వే. మిగతా అయిదుగురికీ ఇది తెలీదు. గుమ్మంలో ఆ చెయ్యి జేబులోకి పోవడం చూశానంటే నేనే ముందు పరిగెత్తుతాను."

"పరిగెత్తి అందరి ఎడమకాలూ అలిగిందంటారా?"

"ముగ్గురికీ అదే పాట. అప్పటికప్పుడు కొత్తది కట్టడం నా వల్ల అవుతుందా? మామూలువాళ్ళకి బూట్లు చేతికిచ్చి, నడిచి చూసుకోమంటాను. ఈ మోకాళ్ళతో రోజుకి నలభైసార్లు వంగితే నన్ను మోసుకురావాలి. నెలకి ఒక్కసారి వంగుతాను, ఆ జేబులో చెయ్యి కోసం." అని ఆగాడు. అతని కళ్ళు నెమ్మదిగా ఆమె ముఖం మీద నిలిచాయి. "ఎడమకాలు అలిగిందని అన్నట్టు నీకెవరు చెప్పారు?"

గోడ మీద గడియారం అయిదూ అయిదు చూపిస్తోంది.

ఉద్యోగి అన్న మాట అన్నట్టే రాయాలన్నది ఈ పనిలో మొదటి సూత్రం. ఒకడు ముగ్గురికి ఒకే మాట చెబితే ముగ్గురి రాతలోనూ అదే మాట ఉంటుంది. ఈ సంగతి కొత్తవాళ్ళకి నేర్పేది తూనీగే. తన మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం ఆమెకే తట్టలేదు.

"ఆపింది నేనే," అంది.

అతను బూటు లేసు విప్పుతూ, నేలవైపు చూస్తూ అడిగాడు. "మూడు నెలలుగా నన్ను చదువుతున్నావా?"

"ఊఁ."

"చదివి, చెవి మిషను ముసలాయన మీద అసూయపడ్డావా?"

"ముసలాయనని రాయలేదుగా! చిరునవ్వని రాశాడు. ఆప్యాయమని రాశాడు. నేను ఇంట్లో వారం రోజులు ముఖం ముడుచుక్కూర్చుంటే మీకు కనిపించదు. ఊళ్ళోవాళ్ళ కాళ్ళు అలిగితే కనిపిస్తుందా?"

"నువ్వు అలగడం చూసే ఆ మాట పుట్టింది."

"మరి నన్నెప్పుడూ బుజ్జగించలేదేం?"

"మార్కులేస్తావని భయం!" అతని గొంతు మొదటిసారి పైకి లేచింది. "రోజంతా ఎవరు జేబులో చెయ్యి పెట్టుకుని వస్తారా అని గుమ్మం చూసి చూసి ఇంటికొస్తే, ఇక్కడా ఒక వాచీ. పలకరిస్తే సెకన్లు. నవ్వితే మార్కులు. నాకు నోరు పెగల్దు. ఇప్పుడు ఆ కుర్చీ కూడా నీ చేత్తోనే లాగేశావు."

అతను బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తూనీగ ఫోను అందుకుంది. అయిదూ పన్నెండు.

"పిన్నీ, పొద్దున్న... కాదు, మధ్యాహ్నం నేను నకలని పెట్టిన మూడు రిపోర్టులు. ఆ ఎర్రగడి తీసేయాలి. ఇప్పుడే."

"ఆటలా ఉందా తల్లీ? పెట్టడానికి ఒక్క నొక్కు. తీయాలంటే కారణం రాయాలి. పొరపాటంటే ఒప్పుకోరు, ఏం పొరపాటో అడుగుతారు. విచారణ వారం పడుతుంది."

"వారం లేదు పిన్నీ. ఆరింటిదాకే ఉంది."

"ఎందుకంత తొందర? ఆ షాపులో నీకెవరున్నారు?"

తూనీగ బాల్కనీ వైపు చూసింది. గాజు వెనక వంగిన వీపు. "మా ఆయన."

పిన్ని గొంతు చప్పబడింది. "బంధువులు లేరని మూడుసార్లు నొక్కావు."

"నొక్కాను."

"ఆ కారణం రాస్తే నువ్వు చూసినవన్నీ చెల్లవు. ఎర్రగడి దానంతటదే పోతుంది. రిపోర్టులు మళ్ళీ కొత్తగా చూడాలి, నేనే చూస్తాను, ఇరవై నిమిషాలు చాలు. కానీ నువ్వు ఇక ఉండవు తూనీగా. ఏ కంపెనీలోనూ. ఈ పనిలో అందరి దగ్గరా ఒకటే జాబితా. ఇంకోసారి ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది? నాలుగేళ్ళుగా తను ఎక్కడికి వెళ్ళినా తనకంటూ ఒక చూపుండేది. బేకరీలో, బ్యాంకులో, పెట్రోలు బంకులో, ఎవరికీ తెలియని రహస్యం జేబులో పెట్టుకుని తిరిగేది. రేపటినుంచి వరసలో నిలబడ్డ మామూలు మనిషి. అయినా టైపు చేసింది: 'ఈ ఉద్యోగి నా భర్త. ఈ రిపోర్టులు నేను చూడకూడదు. అసూయతో ఆపాను.'

చివరి వాక్యం అవసరం లేదు. తీసేయబోయి, ఉంచేసింది.

అయిదూ నలభై తొమ్మిదికి ఫోను మోగింది.

"చదివాను," అంది పిన్ని. "ఒకాయన అంకెలు కూడా అక్షరాల్లో రాశాడు. టీచరమ్మ ప్రతి వాక్యం కింద గీత గీసింది. మూడో ఆవిడకి ఫుల్‌స్టాప్ అంటే ఏమిటో తెలీదు. ముగ్గురూ ముగ్గురని మొదటి పేరాలోనే తెలిసిపోతోందే! నువ్వు నాకంటే బాగా చూస్తావు. నీకు కనిపించలేదా?"

"నాకు ఆయన మాటలే కనిపించాయి పిన్నీ."

"సరే. పంపించేశాను. నీ ఖాతా మూసేస్తున్నాను. ఏమనుకోకు." ఒక్క క్షణం ఆగి, "ఇరవై ఆరు నిమిషాలు నా కాళ్ళెవరైనా పట్టుకుంటే నేనూ నీలాగే అయిపోయేదాన్నేమోలే," అని పెట్టేసింది.

తెర తెల్లబడింది. అయిదూ యాభై ఏడుకి బాల్కనీలో అతని ఫోను కూత పెట్టింది. అతను చదువుకున్నాడు. లోపలికి వచ్చి, ఆమె ముందున్న ఖాళీ తెర చూశాడు. ఏం జరిగిందో అర్థమైనట్టే ఉంది. చాలా కష్టంగా వంగి, సోఫా కింద ఎన్నాళ్ళనుంచో పడున్న చెంచా తీసి బల్ల మీద పెట్టాడు.

తర్వాత మూడు రోజులు ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. నాలుగో రోజు అతను ఇంటికి వచ్చి, "వచ్చాను," అన్నాడు. ఎన్ని సెకన్లకో ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండా ఉండటానికి నోరు నొక్కుకోవాల్సి వచ్చింది.

నెల తర్వాత తూనీగ మొదటిసారి ఆ షాపు గుమ్మం దాటింది. చెయ్యి జేబులోకి పోయింది. వాచీ లేదు. ఎదురుగా చేతులున్న కుర్చీలోంచి మేనేజరు లేచి వచ్చాడు. జేబులోంచి రుమాలు తీసి పరిచాడు. మోకాళ్ళు రెండూ టకటకమని చప్పుడు చేశాయి. ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాడు. చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని చూసింది తూనీగ. చూస్తే బాగుండుననిపించింది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. నడివయసు ఆవిడ. కుడిచెయ్యి కోటు జేబులో. గుమ్మం దగ్గరున్న సేల్స్ అమ్మాయి పేరు చదివింది. మళ్ళీ చదివింది.

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చూశారు. అతని భుజం కాస్త పైకి లేచింది. తూనీగ ఆ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా కిందికి నొక్కింది.

"కదిలారంటే ఊరుకోను. ఈ ఇరవై ఆరు నిమిషాలూ నావి."

"షాపు మార్కులు పోతాయే!"

"పోనీండి."

అతను తలుపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. లేవలేదు. మెడ మాత్రం తిప్పి గట్టిగా అన్నాడు. "అమ్మాయ్! అక్కడ ఎడమకాలు అలిగినట్టుంది చూడు."

అదేదో ముందే అనుకున్న గుర్తులా, సేల్స్ అమ్మాయి చటుక్కున రుమాలు తీసి ఆవిడ వైపు పరిగెత్తింది. రెండు క్షణాల్లో అవతలినుంచి ఆవిడ నవ్వు వినిపించింది. తూనీగ ముఖం ముడుచుకుంది.

"ఆ మాట ఇంకా అందరికీ పంచిపెడుతున్నారా? నాకోసం ఒక్కటైనా దాచలేదా?"

అతను కొలత కర్ర ఆమె పాదానికి ఆనించాడు. అంకె చూడకుండానే చెప్పాడు. "నీకు ఆ మాట పనికిరాదు. ఎడమది ఎప్పుడూ పేచీ పెట్టదు. నీకు పెద్దది కుడికాలు, అరసైజు. అలిగేది కూడా అదే."

"అది మీకెప్పటినుంచి తెలుసు?"

"పెళ్ళైనప్పటినుంచి."

"మరి ఆ రోజు అడిగితే చెప్పలేదేం?" అంది తూనీగ, కుడికాలు చటుక్కున వెనక్కి లాక్కుంటూ. అతను రుమాలు సర్దుకుని, ఆ కాలు తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.